మూడు దారాల నల్ల చుట్టలు

నా ఆదివారపు బడి నోటుబుక్కుల్లో ఒకదాన్ని మాత్రం ఇప్పటికీ దాచుకున్నాను. అందులో ఒక పేజీలో పిల్లల హాజరు ఉంటుంది, రెండు పేజీలు దాటితే క్రిస్మస్ పాటల వరుస ఉంటుంది. మధ్య పేజీలో మూడు గళ్లు గీసి, పైన ఎర్ర దారం, నీలం దారం, పసుపు దారం అని రాసి ఉంది. పక్కన ‘గుంజుడు’, ‘బూడిద’, ‘గొంతు’ అని ఉంది. చూసినవాళ్లకు ఇదేం పాఠమో అర్థం కాదు. మూడు రకాల నల్ల చుట్టల మంచిచెడ్డలు తేల్చిన కాగితం అది. రాసింది నేను. చుట్ట నా జన్మలో నోట పెట్టలేదు.

ఆ మూడింటిలో ఒకటి మా పెద్దమ్మ చేతిది. పెద్దమ్మ మా అమ్మకు అక్క. గద్వాల కోట గోడ వెనుక వాడలో ఉండేది. ముందు గదిలో చాప పరిచి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చుట్టలు చుట్టేది. పెదనాన్న చిన్న వయసులోనే పోతే ఆ పనితోనే బతికింది. తుంగభద్ర అవతలి నుంచి వచ్చే పొగాకులో వెడల్పాటి, చిరుగు లేని ఆకులు ఏరి, వాటి మీద ఈత కల్లు చిలకరించి, తడి గోనెపట్టాల కింద రాళ్ల బరువు పెట్టి మూడు వారాలు ముగ్గబెట్టేది. తీసేసరికి ఆకు నేరేడు పండు తొక్క రంగుకు తిరిగేది. లోపల మామూలు ఎండు పొగాకు పెట్టి, పైన ఆ నల్ల ఆకు చుట్టి, కొనను ఒక మెలి తిప్పి తెల్ల దారం కట్టేది.

ప్రతి విడతలో మొదటి చుట్ట తానే తాగి చూసేది. దాన్ని మా ఇంట్లో ‘సాక్షి చుట్ట’ అనేవాళ్లం. గడప మీద కూర్చుని, కళ్లు మూసుకుని సగం దాకా కాల్చేది. బూడిద వైపు ఒకసారి చూసి “ఇంకా కాలే” అంటే ఆ ఆకంతా మళ్లీ గోనెపట్టా కిందికి పోవలసిందే. “అయింది” అంటే ఆ ఇద్దరూ కత్తెరలు అందుకునేవాళ్లు.

రెండు వేల నాలుగో, ఐదో. అప్పటికి గద్వాల ఇంకా జిల్లా కాలేదు. పెద్దమ్మకు ఆయాసం ముదిరి దవాఖానలో చాలా రోజులు పడుకుంది. మా చర్చి సంఘం ఆడవాళ్లం వంతులు వేసుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాం, ప్రార్థన చేశాం, జావ కాచి పట్టించాం. లేచి తిరగగలిగాక తనంతట తానే ప్రార్థన కూడికకు వచ్చి వెనక వరుసలో కూర్చుంది. నెల తిరగకముందే ముందు వరుసకు వచ్చింది. ఆమెకు బాప్తిస్మపు పాఠాలు చెప్పింది నేనే. మా సంఘంలో కల్లు, పొగ రెండూ నిషేధం. ఆ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ అడిగింది.

“తాగుడైతే బంద్ పెడ్త బిడ్డా. మరి ఆకు మీద సల్లే కల్లో?”

“కల్లు ఇంట్లకే రావద్దు పెద్దమ్మా.”

“గట్లనే. బెల్లం నీళ్లు సల్లుకుంట తియ్యి.”

చుట్టలు చుట్టి అమ్మడం మాటేమిటని సంఘంలో కొందరు గట్టిగానే అడిగారు. తాను తాగనిది ఇంకొకరికి ఎలా అమ్ముతుందన్నారు. మా పాస్టరు అయ్యగారు ఆ సంగతి ఆమె మనస్సాక్షికే వదిలేశారు. నేను మాత్రం ఇన్నేళ్లు గడిచినా దానికి పూర్తి జవాబు చెప్పలేను. ఆ రోజుల్లో ఆమె ముందు, ఆ ఇద్దరు ఆడవాళ్ల ముందు, ఇంకో పని లేదని మాత్రం నాకు తెలుసు. బాప్తిస్మం రోజు కృష్ణ నీళ్లలో మునిగి లేచినప్పుడు పెద్దమ్మ ముఖం చూసి నేను ఏడ్చేశాను. సాక్షి చుట్ట ఆ రోజుతో ఆగిపోయిందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఏడాది తిరిగేసరికి సేటు కబురు పెట్టాడు. బస్టాండు దారిలో వక్కలు, పొగాకు, చుట్టలు అమ్మే దుకాణం ఆయనది. ఆయన కొట్లో మూడు పెద్ద గాజు సీసాలు ఉండేవి. ఒకటి వనపర్తి కార్ఖానా నల్ల చుట్టలది, ఒకటి నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేవాటిది, ఒకటి పెద్దమ్మది. పెద్దమ్మ పోయి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మా గుమ్మంలోనే నిలబడింది.

“నా సీసా తీసేస్తడంట బిడ్డా.”

“ఎందుకు పెద్దమ్మా?”

“ఎవలు అడుగుతలేరంట. మతం మారినంక ముసల్దాని చేతి రుచి వోయిందని అంటుండ్రంట. ఇగ ఆ జాగల గూడ వనపర్తిదే పెడ్తడంట.” కొంగుతో మొహం తుడుచుకుంది. “చుట్ట గాకుంటే నాకేం పని వస్తది? ఈ వయసుల మగ్గం నేరుస్తనా? ఆ ఇద్దరికి ఏం చెప్పాలె?”

నాకు పట్టరాని కోపం వచ్చింది. చేతి రుచి పోయిందన్న మాట కంటే, మతం మారినంక అన్న మాట నన్ను పొడిచింది. వాళ్ల నాలుకలు కావు, వాళ్ల మనసులు మాట్లాడుతున్నాయని నమ్మాను. పెద్దమ్మ పేరు దాచిపెడితే ఆమె చుట్టే గెలుస్తుందని నాకు అణువంత అనుమానం లేదు. ఆ కోపంలోనే సేటు దగ్గరికి పోయాను.

“సేటూ, ఎవరిదో చెప్పకుండా మూడూ తాగించండి. అప్పుడు ఎవరి రుచి పోయిందో తెలుస్తుంది.”

సేటు పొట్లం కట్టడం ఆపి నవ్వాడు. “ఆదివారం బడి టీచరమ్మవు, నీకెందుకమ్మా చుట్టల పంచాయితి?”

“మీరు తీసేసేది మా పెద్దమ్మ సీసా.”

“సరే, పెడ్దాం. కని ఏ చుట్ట ఎవలిదో నీకొక్కదానికే తెల్వాలె. నేనైతే యాపారస్థున్ని, నోరు జారుత. నువ్వు అబద్ధమాడితే నీకు పాపం. నాకా భయం లేదు.” తన మాటకు తానే గట్టిగా నవ్వుకున్నాడు.

బేరాలు లేని ఒక మధ్యాహ్నం కుదిరింది. తాగి చూసేందుకు సేటు ముగ్గురిని పిలిచాడు. మొదటివాడు పక్క వీధి మగ్గం తాత. చూపు తగ్గి నేత మానేశాడు గానీ చుట్టల విషయంలో ఆయన మాటంటే సేటుకు గురి. రెండోవాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దారిలో బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. ఆగిన ప్రతి ఊళ్లోనూ చుట్ట కాల్చినవాడు. మూడోవాడు వనపర్తి వైపు రైతు, విత్తనాల కోసం వేసే సీడు పత్తి పనిమీద గద్వాలకు వచ్చాడు. పట్టు కండువా సవరించుకుంటూ వస్తూ వస్తూనే ప్రకటించాడు: “మా వనపర్తి చుట్ట ముంగట ఇంకోటి నిలవదు. ఊకెనే పరేషాన్ అయితున్రు.”

మగ్గం తాత తన ఇంట్లోంచి చీరలు నేసే పట్టుదారం తెగిన ముక్కలు తెచ్చాడు. వాటితోనే గుర్తులు పెట్టాను. లోపలి గదిలో తలుపు వేసుకుని వనపర్తి వాటి కాగితం పట్టీ ఊడదీసి ఎర్ర దారం, పెద్దమ్మ వాటి తెల్ల దారం విప్పి నీలం దారం, నాగర్‌కర్నూల్ వాటికి పసుపు దారం కట్టాను. కొన మెలి తిప్పడంలో ఎవరి చెయ్యి వాళ్లదని, అది చూస్తే పట్టేస్తారని పెద్దమ్మ ముందే హెచ్చరించింది. అందుకని అన్నిటి కొనలూ కత్తెరతో సమంగా కత్తిరించాను. రానని మొండికేసిన పెద్దమ్మ చివరికి వచ్చి, కొట్టు వెనక పొగాకు బస్తాల చాటున కూర్చుంది.

ఒకరి మాట ఇంకొకరు వినకూడదని సేటు నియమం పెట్టాడు. ముగ్గురూ అరుగు మీద దూరదూరంగా కూర్చుని కాల్చాలి. ఒక్కొక్క చుట్ట అయ్యాక ఒక్కొక్కరే నా స్టూలు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాలి. మధ్యలో మంచినీళ్లు, గుప్పెడు పుట్నాలు. నేను నోటుబుక్కు తెరిచి, ఏం గళ్లు గీయాలో తెలియక మగ్గం తాతనే అడిగాను.

“మూడు సూడాలె తల్లీ. గుంజుడు, బూడిద, గొంతు.”

“గుంజుడు అంటే ఏంది తాతా?”

“గుంజితె పొగ దానంతట అది రావాలె. దవడలు నొయ్యొద్దు. బూడిద తెల్లగుండి, రెండు వేళ్ల పొడుగైనా రాలొద్దు. ఇగ గొంతు సంగతి... అది నీకెట్ల చెప్పాలె? పొగ మింగినంక గొంతు నిన్ను తిట్టొద్దు.”

ముందుగా ఎర్ర దారం. మగ్గం తాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో నలిపి ఆకు చప్పుడు విన్నాడు, వాసన చూశాడు, ఆ తరువాత అంటించాడు. వనపర్తి రైతు నాలుగు దమ్ములు లాగి మొహం చిట్లించి నా దగ్గరికి వచ్చాడు. “రాసుకో చెల్లె. గొంతుల గడ్డి గుచ్చుతుంది. ఇది తప్పకుండ ఆ ముసలామెదే.” తన ఊరి చుట్టేనని చెప్పడానికి వీల్లేక పెదవి కొరుక్కుని రాసుకున్నాను. లోపల నా గుండె ఎగిరి గంతేసింది.

తరువాత నీలం. నేను వాళ్ల మొహాల్నే చూస్తున్నాను. డ్రైవరు కళ్లు సగం మూసి ఇష్టంగా లాగాడు. బూడిద తెల్లగా, వేలంత పొడుగు నిలిచింది. ప్రభువా, నీకు స్తోత్రం అనుకున్నాను. డ్రైవరు లేచి వచ్చి చెప్పాడు. “గుంజుడు ఫస్టు. బూడిద ఫస్టు. కని అమ్మా, ఆకు పచ్చిది. గొంతు వెనక మంట వెట్టింది.”

రైతు వచ్చాడు. “మంచిగనే ఉండె, ఆఖరుకు పచ్చాకు చేదు తేలింది.”

మగ్గం తాత అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. “సుట్టిన చెయ్యి బంగారం. ఆకు ముగ్గలే. ఎవలో తొందరపడ్డరు.”

ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినలేదు. ఆ చుట్ట ఎవరిదో వాళ్లకు తెలియదు. మతం సంగతి అక్కడ లేనే లేదు. అయినా ముగ్గురి గొంతూ ఒకే మాట చెప్పింది. ఆ గడిలో ‘పచ్చి’ అని మూడుసార్లు రాశాను.

పసుపు దారం చుట్టను ముగ్గురూ కొన దాకా వదల్లేదు. అంతా అయ్యాక సేటు అరుగు మధ్యకు వచ్చి కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే మగ్గం తాత తేల్చేశాడు.

“సేటూ, పసుపుది ముసలమ్మ చెయ్యి. అనుమానమే లేదు. పాత రోజుల రుచి మల్లొచ్చింది.”

“నాకూ గట్లనే కొట్టింది” అన్నాడు డ్రైవరు.

సేటు ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు. “అట్లనా? అయితే సీసా తీసుడు లేదు. అవునా అమ్మా, పసుపుదేనా?”

ఏ దారం ఎవరిదో తెలిసినదాన్ని ఆ అరుగు మీద నేనొక్కదాన్నే. అబద్ధం చెప్పవలసిన పని కూడా లేదు. తల వంచుకుని ఊరుకుంటే చాలు, పెద్దమ్మ సీసా నిలబడుతుంది, ఆ ఇద్దరు ఆడవాళ్ల పని నిలబడుతుంది, మా విశ్వాసం మీద పడ్డ మాట తుడిచిపెట్టుకుపోతుంది. ఇదంతా దేవుని మహిమకే కదా అని కూడా ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన అంత సులువుగా వచ్చినందుకే భయపడ్డాను. చూపు మందగించిన తండ్రి ముందు ఒక కొడుకు అన్న బట్టలు తొడుక్కుని, అన్న పేరు చెప్పి దీవెన తీసుకున్న కథ మాకు లేఖనాల్లో ఉంది. కిందటి ఆదివారమే పిల్లలకు చెప్పాను. “వాడు చేసింది ఏమిటి?” అని అడిగితే పిల్లలంతా “మోసం” అని అరిచారు.

“కాదు సేటూ” అన్నాను. “పసుపుది నాగర్‌కర్నూల్‌ది. మా పెద్దమ్మది నీలం.”

వనపర్తి రైతు కండువా సర్దుకుని నెమ్మదిగా అడిగాడు. “మరి ఎర్రదో?”

“వనపర్తిదన్నా.”

డ్రైవరు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. “గొంతుల గడ్డి గుచ్చిందంటివి గదనే! మీ ఊరి గడ్డేనే!”

“ఇయ్యాల నా నోరు మంచిగ లేదు, పొద్దున మిరపకాయ బజ్జి తిన్న” అన్నాడు రైతు. సేటు కూడా నవ్వేశాడు.

ఆ నవ్వుల మధ్యలో పెద్దమ్మ బస్తాల వెనక నుంచి వచ్చింది. మిగిలిన నీలం దారం చుట్ట ఒకటి తీసుకుంది. అంటించలేదు. దారం విప్పి, పై ఆకును మెల్లగా ఊడదీసి, అరచేతిలో రుద్ది వాసన చూసింది. ఆకు ఈనెను గోటితో గీరి మళ్లీ చూసింది.

“అవు. పచ్చిదే” అంది. “కల్లు సల్లితె మూడు వారాలకు ముగ్గుతుండె. బెల్లం నీళ్లకు గూడ నేను మూడు వారాలే పెడ్తి. సాలదని నాకు తెల్వలే. తెల్సుకునే నోటికి నేనే తాళమేస్తి గద.”

నాకు అప్పుడు అర్థమైంది. పొగ మానమని చెప్పాను, కల్లు తేవద్దని చెప్పాను. రెండూ సరైనవేనని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆమె పనికి కాపలా కాసిన సాక్షి చుట్ట కూడా వాటితోపాటు పోతుందని నేను ఆలోచించలేదు. దాని చోట్లో ఇంకేం పెట్టాలో చెప్పలేదు. జనం ద్వేషంతో అంటున్నారని ఊరంతటి మీద కోపం తెచ్చుకున్నాను. వాళ్లు కారణం తప్పుగా చెప్పారు గానీ రుచి తప్పుగా చెప్పలేదు.

“నాదే తప్పు పెద్దమ్మా” అన్నాను.

“నీ తప్పేముంది? మెట్లెక్కితె దమ్మాడకపోతుండె, ఇప్పుడు పాటలు వాడుతున్న.” సేటు వైపు తిరిగింది. “జర ఓపిక వట్టు సేటూ. ఇంకిన్ని వారాలు ముగ్గవెట్టి సూస్త.”

“ఎన్ని వారాలు?”

“నాలుగో, ఐదో. ఏమో, తెల్వదు.”

“అయిందో కాలేదో ఎవలు సూస్తరు? నువ్వు తాగవైతివి.”

మగ్గం తాత కట్టెతో నేల మీద కొట్టాడు. “నేను లేనా? నా దగ్గరికి పంపు, సూసి చెప్త. ఒకటే మాట. ఎవలిదో చెప్పొద్దు, దారం కట్టి పంపు. పేరు తెలిస్తె నాలుక లాలూచి వడ్తది. ఇందాక సూస్తిమి గద.”

సేటు మూడు సీసాల వైపూ చూశాడు. “ముగ్గేదాక నీ సీసా జాగలనే ఉంటది. అయింతర్వాత మాత్రం ఈ టీచరమ్మనే మల్ల రాయాలె.”

అప్పటి నుంచి ప్రతి బుధవారం స్త్రీల కూడికకు పోతూ దారిలో మగ్గం తాత ఇంట్లో చుట్టలు ఇచ్చిపోవడం నా పని అయింది. సంచిలో ఒక వైపు నా లేఖనాల పుస్తకం, ఇంకో వైపు కాగితంలో చుట్టిన మూడు చుట్టలు. ఒకటి పెద్దమ్మది, మిగతా రెండూ సేటు సీసాల్లోవి. వారం వారం దారాల రంగులు మార్చేదాన్ని. పొగాకు వాసన నా పుస్తకానికి పట్టింది. కూడికలో పక్కన కూర్చున్న అక్క ముక్కు ఎగబీల్చి నన్ను వింతగా చూస్తే, జరిగిందంతా చెప్పాను. ఆమె దానికీ ప్రార్థన చేసింది.

నాలుగు వారాల ఆకుకు తాత “ఇంకా” అన్నాడు. ఐదు వారాలకు “దగ్గరికొచ్చింది, మంట వోయింది, చేదు ఉంది” అన్నాడు. ఆరు వారాల ఆకు ఇచ్చిన రోజు నేను ఆయన మెట్టు మీద కూర్చుని ఎదురుచూశాను. తాత ఒక చుట్టను చెవి దగ్గర నలిపి విన్నాడు. అంటించాడు. చుట్ట వేళ్లకు కాలేదాకా వచ్చాక పీకను నేలకు నొక్కి, ఉమ్మి మింగి, నా వైపు అనుమానంగా చూశాడు.

“ఇది నాగర్‌కర్నూల్‌ది. నన్ను పరీక్ష పెడ్తున్నవు గద?”

“మా పెద్దమ్మది తాతా” అన్నాను.

ఆయన కాలిన పీకను నేల మీది నుంచి తీసి, ఇంకోసారి వాసన చూశాడు. “పోయి చెప్పు మరి. ఇంకా ఈడనే కూసున్నవేంది?”

సేటు అరుగు మీద మళ్లీ నోటుబుక్కు తెరవడం, పెద్దమ్మవాటికి కట్టిన నీలం దారాన్నే డ్రైవరు ఫస్టు అనడం, వనపర్తి రైతు ఈసారి ముందే పుట్నాలతో నోరు శుభ్రం చేసుకుని వచ్చి తన ఊరి చుట్టను సరిగ్గా పట్టుకుని, దాన్ని రెండోదని ఒప్పుకోవడం, అన్నీ జరిగాయి. పెద్దమ్మ సీసా దాని చోట్లోనే ఉంది. సేటు దాని మూత తుడిచి నిండా పోశాడు.

ఆ తరువాతి బుధవారం కూడికలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి పెద్దమ్మ లేచి నిలబడింది. అందరూ ఆమె ఆయాసం తగ్గిన సంగతి చెబుతుందనుకున్నారు. ఆమె కొంగు సవరించుకుని కళ్లు మూసుకుంది.

“ప్రభువా, నేను నోరు మూసుకుంటే నువ్వు నాకు మగ్గం తాత నోరిస్తివి. ఆయన ఆయుష్షు సల్లగుండాలె. ఆయన దగ్గు గూడ తగ్గాలె.”

ఆడవాళ్లంతా నవ్వుతూనే ఆమెన్ అన్నారు. పెద్దమ్మ కూర్చుని, పాట మొదలవుతుండగా నా చెవి దగ్గరికి వంగింది.

“బిడ్డా, ఏడు వారాలు పెడితె ఎట్లుంటదో సూద్దమా?”